అంకె పక్కన ఆ ఒక్క అక్షరం

అల్యూమినియం కొనడానికి వెళ్లినవాళ్లు దుకాణంలో ఒక అంకె చెబుతారు. 6061 అంటారు, లేదంటే 2024, 7075 అంటారు. లోహంలో ఏమేం కలిపారో ఆ అంకె చెబుతుంది. 6061 అంటే దాదాపు ఒక శాతం మెగ్నీషియం, 0.6 శాతం సిలికాన్, కాస్త రాగి, ఇంకాస్త క్రోమియం, మిగతాదంతా అల్యూమినియం. అంతవరకే. ఆ ముక్క ఎంత బలమైనదో మాత్రం ఆ అంకె చెప్పదు.

6061 పట్టీని బాగా వేడిచేసి ఫర్నేస్‌లోనే మెల్లగా చల్లారనిస్తే సుమారు 55 మెగాపాస్కల్‌ల ఒత్తిడికే వంగిపోతుంది, మళ్లీ నిటారుగా రాదు. అదే పట్టీని 530 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్లలో ముంచి, ఆ తర్వాత 175 డిగ్రీల వేడిలో 8 గంటలు ఉంచితే 276 మెగాపాస్కల్‌ల దాకా తట్టుకుంటుంది. అయిదు రెట్లు! రెండింటినీ రసాయన పరీక్షకు పంపండి, రెండింటికీ ఒకే రిపోర్టు వస్తుంది. మొదటిదాన్ని 6061-ఓ అంటారు, రెండోదాన్ని 6061-టి6. ఆ చివరి అక్షరాన్ని టెంపర్ అంటాం. ఆ లోహం ఏ దారిన నడిచి వచ్చిందో చెప్పేది అదొక్కటే. మన చిన్న పరిశ్రమల ఆర్డర్లలో తరచుగా రాయకుండా వదిలేసేదీ అదే.

నేను బాలానగర్ వైపు హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో పనిచేసినవాణ్ణి. ఈ పనిలో నాకు మొదటినుంచీ అబ్బురంగా ఉన్నది ఒకటే: అల్యూమినియం ఇనుములా ప్రవర్తించదు. కమ్మరి ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచితే అది ఆ క్షణంలోనే గట్టిపడుతుంది. అల్యూమినియం మిశ్రమాన్ని ముంచితే మెత్తగానే ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ముంచి తీసిన పట్టీకి హార్డ్‌నెస్ చూసి కంగారు పడతారు. "సార్, గిదేంది గింత మెత్తగున్నది, ఖరాబైందా?" అని అడిగినవాళ్లు ఎందరో. ఖరాబు కాలేదు నాయనా, దాని పని ఇప్పుడే మొదలైంది అని చెప్పేవాణ్ణి.

రంగు సంగతి కూడా అంతే. ఇనుము ఎంత కాలిందో అనుభవం ఉన్న కన్ను పట్టేస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగిపోయేదాకా వెలుతురులో ఏ రంగూ చూపించదు. 400 డిగ్రీల దగ్గరా వెండిలాగే ఉంటుంది, 550 దగ్గరా అలాగే ఉంటుంది. పాత పనివాళ్లు రేకును మెత్తబరచడానికి సబ్బుతో గీత గీసి, అది నల్లబడగానే మంట తీసేవారు. రేకు వంచుకోవడానికి ఆ ఉపాయం చాలు. బలం రావాలంటే చాలదు, థర్మోకపుల్ ఉండాల్సిందే.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? పటికబెల్లం చేసేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. వేడి నీళ్లు పట్టుకున్నంత చక్కెరను చల్లటి నీళ్లు పట్టుకోలేవు. పాకం మెల్లగా చల్లారితే, ఎక్కువైన చక్కెర పెద్ద పెద్ద పలుకులుగా బయటికి వస్తుంది. వేడి అల్యూమినియం కూడా రాగినో, మెగ్నీషియం సిలికాన్‌లనో తనలో అలాగే కలుపుకుంటుంది. మెల్లగా చల్లార్చితే అవి ముతక పలుకులై, ఒకదానికొకటి ఎడంగా పేరుకుంటాయి. నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లార్చితే బయటికి రావడానికి వాటికి వ్యవధి దొరకదు. ఉండకూడనంత ఎక్కువగా లోపలే చిక్కుబడిపోతాయి. ఆ తర్వాత సన్నటి వేడి ఇచ్చి ఓపిక పడితే, చిక్కుబడ్డ పరమాణువులు కొద్దికొద్దిగా కదిలి, లెక్కలేనన్ని చోట్ల, కొన్ని నానోమీటర్ల గుంపులుగా చేరతాయి. లోహం వంగడమంటే దాని స్ఫటికాల్లో డిస్‌లొకేషన్లు అనే లోపాల గీతలు జరగడమే. దారి పొడవునా దగ్గరదగ్గరగా ఈ గుంపులు అడ్డుపడితే ఆ గీతలు కదల్లేవు. బలమంతా అక్కడి నుంచే వస్తుంది.

దీన్ని మొదట గమనించినవాడు జర్మన్ లోహశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ విల్మ్. 1906లో బెర్లిన్ దగ్గర అల్యూమినియానికి సుమారు 4 శాతం రాగి, అర శాతం మెగ్నీషియం కలిపి, ఉక్కును చేసినట్టే వేడిచేసి ముంచి చూశాడు. గట్టిపడలేదు. ఒకటి రెండు రోజులు గడిచాక మళ్లీ కొలిస్తే, ఎవరూ ముట్టుకోని ఆ ముక్కలు గది వేడిమిలోనే గట్టిపడి ఉన్నాయి. కొలిచే పరికరం తప్పు చూపిందని కొట్టిపారేయకుండా మళ్లీ మళ్లీ కొలిచాడు చూడండి, అందుకే అతనంటే నాకు గౌరవం. డ్యూరాలుమిన్ పుట్టింది అలాగే. 1919లో ఎగిరిన యుంకర్స్ ఎఫ్13, మొత్తం లోహంతో కట్టిన ప్రయాణికుల విమానం, దానితోనే తయారైంది. కారణం మాత్రం విల్మ్‌కు తెలియలేదు. అంత చిన్న గుంపులను చూడగల మైక్రోస్కోపు ఆనాడు లేదు. 1938లో ఫ్రాన్స్‌లో ఆంద్రే గినియే, ఇంగ్లండ్‌లో జార్జ్ ప్రెస్టన్, ఎవరికి వారే ఎక్స్‌కిరణాలతో వాటి జాడ పట్టారు. అందుకే వాటిని ఈనాటికీ జీపీ జోన్లు అంటున్నాం.

దీనికి ముందటి కథ ఇంకొకటి ఉంది. రైట్ సోదరులు 1903లో ఎగరేసిన విమానంలో ఇంజిన్ క్రాంక్‌కేస్‌ను, బరువు తగ్గించాలని, 8 శాతం రాగి కలిపిన అల్యూమినియంతో పోతపోయించారు. 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ క్రాంక్‌కేస్‌లో చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే అందులో జీపీ జోన్లు కనిపించాయి. విల్మ్ కంటే మూడేళ్ల ముందే, ఎవరికీ తెలియకుండా, ఆ పోత తనంతట తాను గట్టిపడుతూ వచ్చిందన్నమాట.

ఇక పని దగ్గరికి వస్తాను. వేడిచేయడం, నీళ్లలో ముంచడం (క్వెంచ్), ఆ తర్వాత ఓపికగా గట్టిపడనివ్వడం (ఏజింగ్): ఈ మూడు మెట్లూ కాగితం మీద తేలిగ్గా కనిపిస్తాయి. 2024నే తీసుకోండి. దాన్ని 493 డిగ్రీల దగ్గర ఉంచాలి, అటూ ఇటూ 5 డిగ్రీలే వెసులుబాటు. తగ్గితే రాగి పూర్తిగా కలవదు. 502 డిగ్రీల ప్రాంతం దాటితే, గ్రెయిన్లు అనే స్ఫటికాల సరిహద్దుల్లో రాగి ఎక్కువగా పేరుకున్న చోట లోహం కరగడం మొదలవుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల గ్రెయిన్లు విడివడి ఉంటాయి. దాన్ని మళ్లీ ట్రీట్ చేసి బాగుచేసే దారి లేదు, స్క్రాప్ కిందే పోవాలి.

తలుపు తెరిచిన క్షణం నుంచి నీళ్లలో పడేదాకా గడిచే సెకన్లనూ లెక్కపెట్టాలి. విమాన భాగాల ప్రమాణాల ప్రకారం, అర మిల్లీమీటరు కూడా లేని పల్చటి రేకుకు 5 సెకన్లే గడువు. మందమైన వాటికి కూడా 15 సెకన్లకు మించి ఇవ్వరు. 400 నుంచి 290 డిగ్రీల మధ్య లోహం ఎంతసేపు తచ్చాడితే అంత ముతక పలుకులు పుడతాయి, అంత బలం అక్కడే పోతుంది. ఎండాకాలం హైదరాబాద్‌లో క్వెంచ్ తొట్టి నీళ్లు మధ్యాహ్నానికే వెచ్చబడతాయి. వరసగా నాలుగు బ్యాచ్‌లు ముంచితే ఇంకా వేడెక్కుతాయి. తొట్టిలో థర్మామీటరు, నీళ్లు తిరగడానికి పంపు లేని షాపులో వేసవి బ్యాచ్‌కూ చలికాలపు బ్యాచ్‌కూ బలంలో తేడా వస్తే ఆశ్చర్యమేమీ లేదు. అలాగని అన్నిటికీ చన్నీళ్లే మంచివని కాదు. గజిబిజి ఆకారంలో ఉన్న పోతలను, ఫోర్జింగ్‌లను చన్నీళ్లలో ముంచితే వంకర్లు పోతాయి, లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. వాటిని కావాలనే 60, 70 డిగ్రీల నీళ్లలో ముంచి, కాస్త బలం వదులుకుంటాం. ఎంత వదులుకోవాలన్నది పనివాడి వివేకం మీద ఆధారపడి ఉంటుంది.

ముంచిన తర్వాత 2024 గది వేడిమికే గట్టిపడుతుంది, నాలుగు రోజుల్లో దాదాపు నిలకడకు వస్తుంది. విమానాలకు కొట్టే 2024 రివెట్లను ముంచిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేది అందుకే. చలిలో పరమాణువులు కదలవు కాబట్టి మెత్తదనం నిలుస్తుంది. బయటికి తీసిన నిమిషాల్లోనే కొట్టేయాలి. మన ఆదిభట్లలో హెలికాప్టర్ భాగాలు తయారవుతున్న రోజులివి. ఈ విద్య మనకు దూరపు సంగతి కాదు.

ఏజింగ్‌లో అసలు చిక్కు ఒకటుంది. వేడిలో ఉంచేకొద్దీ హార్డ్‌నెస్ పెరిగి, ఒక శిఖరానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతుంది. చిన్న గుంపులు కలిసిపోయి పెద్దవై, వాటి మధ్య ఎడం పెరగడమే దీనికి కారణం. కాబట్టి ఒకే హార్డ్‌నెస్ అంకె శిఖరానికి ఇవతలా రావచ్చు, అవతలా రావచ్చు. హార్డ్‌నెస్ ఒక్కటే చూసి పార్టును పాస్ చేసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. విద్యుత్ వాహకత కూడా కొలవాలి. కలిసి ఉన్న పరమాణువులు బయటికి వచ్చేకొద్దీ వాహకత పెరుగుతూనే పోతుంది, వెనక్కి రాదు. రెండూ కలిపి చూస్తేనే లోహం ఎక్కడ ఉందో తెలుస్తుంది. 7075కు ఇది మరీ ముఖ్యం. టి6 టెంపర్‌లో దాని బలం శిఖరాన ఉంటుంది గానీ, లాగుడు మీద ఉండగా తేమ తగిలితే గ్రెయిన్ల సరిహద్దుల వెంట పగుళ్లు రావచ్చు. అందుకని శిఖరం దాటించి టి73 చేస్తారు. 10, 15 శాతం బలం పోతుంది, పగుళ్ల భయం చాలావరకు పోతుంది. నన్ను అడిగితే చాలా మంది డిజైనర్లు వెంటపడే అత్యధిక బలం కంటే ఆ నమ్మకమే విలువైనది.

అన్ని అల్యూమినియం మిశ్రమాలూ ఇలా గట్టిపడవు. మన ఇళ్లలో సిల్వర్ గిన్నెలనే వాటి రేకులో అలా పేరుకునే సరుకు ఉండదు. రోలింగ్‌లో, వంపులో పడ్డ నలుగుడే దాని బలం. పోతల సంగతి మరో వారం రాయాల్సినంత ఉంది. కరిగిన అల్యూమినియంలో ఇమిడే హైడ్రోజన్ గడ్డకట్టేటప్పుడు బుడగలై మిగులుతుందని, డీగ్యాసింగ్ చేయని పోతకు ఏ హీట్ ట్రీట్‌మెంటూ అక్కరకు రాదని మాత్రం ఇప్పుడు చెప్పి ఊరుకుంటాను.

నన్ను బాధపెట్టేది వెల్డింగ్. 6061-టి6 గొట్టాలు కొని, వాటి బలాన్నే లెక్కల్లో వేసి, వెల్డింగ్ చేసి స్టాండు కట్టించుకున్న ఒక వర్క్‌షాపు పని నా దగ్గరికి వచ్చింది. స్టాండు బరువు పెట్టగానే వంగింది. వెల్డు చెక్కుచెదరలేదు, వంగింది పక్కన వేలెడు దూరంలో. వెల్డింగ్ వేడికి అతుకు నుంచి సుమారు 25 మిల్లీమీటర్ల మేర గుంపులు పెరిగి ముతకబారతాయి, కొన్ని కరిగిపోతాయి. అక్కడ బలం దాదాపు 40 శాతం పడిపోతుంది. సరుకు నకిలీదని వాళ్లు అమ్మినవాడితో గొడవపడ్డారు. సరుకు అసలైనదే. దాని చరిత్రను మంట తుడిచేసింది. అలాంటి చోట గొట్టం మందం పెంచాలి, లేదా అతుకును ఒత్తిడి తక్కువున్న చోటికి జరపాలి, లేదా బోల్టులతో బిగించాలి.

కాబట్టి ఫ్యాబ్రికేటర్లకు, చిన్న యూనిట్ల యజమానులకు, ప్రాజెక్టులు చేసే ఇంజినీరింగ్ పిల్లలకు నా మనవి ఇది. ఆర్డరులో అంకె పక్కన టెంపర్ రాయండి. టెస్ట్ సర్టిఫికెట్‌లో రసాయన విశ్లేషణతో ఆగకుండా యీల్డ్ బలం (ఎంత ఒత్తిడికి శాశ్వతంగా వంగుతుందో చెప్పే అంకె) గడి చూడండి. హీట్ ట్రీట్‌మెంట్‌కు ఇస్తే ఫర్నేస్ ఛార్టు, క్వెంచ్ నీళ్ల ఉష్ణోగ్రత, ఏజింగ్ గంటలు అడిగి ఫైల్లో పెట్టుకోండి. మనుషుల ప్రాణాలు ఆధారపడిన పార్టును ఛార్టు చూపించని షాపుకు ఇవ్వకండి.