పద్యంలో చెప్పుకున్న బాల్యం

ఆత్మకథ అనగానే మనకు వచనమే గుర్తుకు వస్తుంది. అయితే కొందరు కవులు తమ బాల్యాన్ని పద్యంలోనో వచన కవితలోనో చెప్పుకున్నారు. గుర్రం జాషువా ‘నా కథ’ (1966), క్యూబన్-అమెరికన్ కవయిత్రి మార్గరిటా ఎంగిల్ ‘ఎన్‌చాంటెడ్ ఎయిర్’ (2015) ఇటువంటివే. ఇద్దరూ రెండు సంస్కృతుల నడుమ పెరిగినవారే. ఇలాంటి రచనలు తరగతి గదికి వచ్చినప్పుడు పుట్టిన తేదీ, ఊరు, పడిన కష్టాలు వరసగా రాయించి పాఠం ముగించడం పరిపాటి. అప్పుడు జీవిత విశేషాలు మిగులుతాయి, కవిత్వం పోతుంది.

ఎంగిల్ 1951లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టారు. తల్లిది క్యూబా. వేసవిలో వెళ్లివచ్చిన ఆ ద్వీపం, చదువుకున్న అమెరికా నగరం రెండూ ఆమెకు సొంతమే. 1961లో ఆ దేశాల మధ్య దౌత్య సంబంధాలు తెగిపోయాయి. 1962 అక్టోబరులో క్షిపణుల సంక్షోభం వచ్చేనాటికి ఆమెకు 11 ఏళ్లు. పెద్దల రాజకీయం పిల్లలకు ముక్కలు ముక్కలుగానే తెలుస్తుంది. చిన్న చిన్న కవితలు, వాటి మధ్య ఖాళీలు ఆ అరకొర ఎరుకకు తగిన రూపం. అయితే ఇందులో ఉన్నది ఒక బాలిక చూసిన క్యూబా మాత్రమే. దానినే ఆ దేశ చరిత్రగా బోధించకూడదు.

జాషువా విషయం వేరు. ఆయన రెండు లోకాల మధ్య సముద్రం లేదు. పుట్టిన వినుకొండలోనే ఇంట్లో క్రైస్తవం, మనసు నిండా పురాణ కావ్యాలు. కులం పేరుతో పండితలోకం దూరం పెట్టింది. హిందూ పురాణాల మీద మక్కువేమిటని సొంత మతస్థులూ ఆక్షేపించారు. అయినా ఆయన ఛందస్సును విడిచిపెట్టలేదు. పండితులు తమ సొత్తనుకున్న పద్యంలోనే తన బతుకు చెప్పి, దానిమీద తనకూ హక్కుందని నిరూపించారు. ‘నా కథ’ను సారాంశంగా చెప్పేస్తే ఈ వాదమంతా జారిపోతుంది.

కాబట్టి ముందు పద్యాన్ని పైకి చదవండి. తరువాత రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ అనుభవానికి కవి ఈ రూపాన్నే ఎందుకు ఎంచుకున్నారు? మాట్లాడుతున్నది ఆనాటి బాలుడా, ఏడు పదుల వయసులో వెనక్కి చూస్తున్న కవా?

మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. ఈ పాఠం చెబుతూ దళిత విద్యార్థినో, వలస కుటుంబపు బిడ్డనో లేపి “నీ అనుభవం చెప్పు” అని అడగకండి. పద్యం అందరి ముందూ ఉంది. తన బతుకు విప్పి చెప్పాలా వద్దా అన్నది ఆ విద్యార్థి ఇష్టం.