మామ్మ బల్ల మెరుగు

ఈ సోమవారం మా ఇంటికి కొత్త భోజనాల బల్ల వచ్చింది. రాజమండ్రిలో చేయించిన టేకు బల్ల. చిత్రిక పట్టి వదిలేయమని, ఏ పూతా వద్దని చెప్పి మరీ తెచ్చుకున్నాను. దాన్ని దింపడానికి వచ్చిన మేస్త్రి అరచేత్తో ఓసారి నిమిరి, "పీయూ కొట్టించెయ్యండి బాబూ, అద్దంలా ఉంటాదండి" అన్నాడు. పీయూ అంటే పాలీయురెథేన్ పూత. నా మనసు చివుక్కుమంది.

ఈ శీర్షిక చదివేవాళ్లకి నా పంతం తెలిసిందే. చేవ గీతలు కంటికి కనబడాలి, చేతికి తగలాలి. పాత వీధి తలుపుల మీద ఎనామిల్ రంగు పులమొద్దని రాసినప్పుడు కొందరు మెచ్చుకున్నారు, కొందరు మరి చెదల సంగతేమిటని నిలదీశారు. అదే పంతంతో మూడు రోజులు ఆ బల్ల చుట్టూ తిరిగాను.

ముందు నునుపు. గరుకు కాగితం 120 నంబరుతో మొదలెట్టి 180, ఆ పైన 220 దాకా వెళ్లాలి. ఎప్పుడూ చెక్క గీత వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గాటు అప్పుడు కనబడదు, పూత పడ్డాక బయటపడుతుంది. బల్ల అడుగున ఒకచోట తడిగుడ్డతో తుడిచి చూస్తే, పూత వేశాక రంగు ఎలా తిరుగుతుందో దాదాపుగా తెలిసిపోతుంది.

పూత దగ్గరికి వచ్చేసరికి మొదట లక్క వైపు మొగ్గాను. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పొర మీద పొర రుద్దే ఫ్రెంచ్ పాలిష్ అంటే నాకు చెప్పలేనంత ఇష్టం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మల కోసం గిర్రున తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి కర్రని పట్టేస్తుంది. దాన్ని మొగలి ఆకుతో నునుపు చేస్తారు. కానీ బొమ్మకి అందాన్నిచ్చే ఆ కరిగే గుణమే భోజనాల బల్లకి పనికిరాదు. ఉడుకుతున్న పులుసు గిన్నె దించితే తెల్లటి మచ్చ పడుతుంది. అదీగాక మన వానాకాలపు తేమలో లక్క పాలిష్ వేస్తుండగానే పాలిపోతుంది.

మిగిలింది అవిసె నూనె. అది గాలిలోని ఆక్సిజన్ని తీసుకుని చెక్కలోనే గట్టిపడుతుంది. కొబ్బరి నూనె అలా ఎండదు, జిడ్డుగానే ఉండిపోతుంది. కోనసీమలో ఉన్నాం కదా అని చేతికందిన నూనె రాసెయ్యకండి. ఇంకో మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. ఇవన్నీ తెలిసే నూనె అని తేల్చుకున్నాను. అందుకు కారణం మా మామ్మ ఉయ్యాల బల్ల.

లంక ఊళ్లో మండువా లోగిలి. నాలుగు గొలుసుల మీద వేలాడే పనస చెక్క బల్ల. దానికి వార్నిష్ అన్నది తెలీదు. పసుపుపచ్చ చెక్క ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకి తిరిగింది. 1986 ఆగస్టులో గోదారి ఊళ్ల మీద పడినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. బల్ల రెండు రోజులు మునిగే ఉంది. నీళ్లు తీశాక చూస్తే రంగు వేసిన బీరువా తలుపులు బొబ్బలెక్కి పెచ్చులూడుతున్నాయి. మామ్మ ఆ బల్లని విప్పించి, బురద కడిగి, "ఎండలో పెట్టకండర్రా, నెర్రెలిస్తుంది" అని వసారాలో ఇటుకల మీద పెట్టించింది. రోజూ ఓసారి తిరగేయించింది. మూడు వారాల తర్వాత మళ్లీ గొలుసులకి ఎక్కించారు. ఇప్పటికీ మా మేనత్తగారింట్లో ఊగుతోంది.

"చూశారా, ఏ పూతా లేని చెక్కే బతికింది" అని ముప్పై ఏళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఈ వారం అదే మాట రాయడానికి కూర్చుంటే, ఇన్నాళ్లూ చూసీ చూడనిది ఒకటి కళ్ల ముందుకొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నాలు. అందరం భోంచేసి నడుం వాల్చే వేళ. మామ్మ తడిగుడ్డతో బల్ల తుడిచేది, పొడిగుడ్డతో తుడిచేది, ఆముదం చుక్కలద్దిన పాత పంచె ముక్కతో రుద్దేది, జిడ్డు చేతికి అంటనంత వరకూ మళ్లీ పొడిగుడ్డతో తోమేది. గంట పట్టేది. ఎవరం సాయం పట్టలేదు.

ఆ బల్లకి పూత లేకపోవడమేమిటి? వారం వారం పడిందే పూత. వరద నుంచి దాన్ని కాపాడింది చెక్క గొప్పతనమూ కాదు, ఆముదమూ కాదు. ఆమె.

అది తట్టాక నా నిర్ణయం నాకే తప్పనిపించింది. నూనె పూసిన భోజనాల బల్లని ఆర్నెల్లకోసారైనా మళ్లీ నూనె పెట్టి చూసుకోవాలి. పులుసు ఒలికితే అప్పటికప్పుడు తుడవాలి. అవన్నీ జరిగిపోతున్నట్టు ఊహించుకున్నాను గానీ, ఆ ఊహలో గుడ్డ పట్టుకున్న చెయ్యి నాది కాదు. మా ఆవిడది, మా కోడలిది. చెక్క మీద ప్రేమ నాది, చాకిరీ వాళ్లది.

నిన్న మేస్త్రికి ఫోన్ చేశాను. వానలు తగ్గి గాలి పొడిబారాక పీయూయే వేయమన్నాను, మెరుపు లేని మ్యాట్ రకం. గీతలు కనబడతాయి, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే సరిపోతుంది. గాటు పడితే అక్కడికక్కడ అతకడం కష్టమే, ఆ నష్టానికి ఒప్పుకున్నాను.

బల్ల చేయగా మిగిలిన ముక్కతో ఒక పీట చేయించుకున్నాను. దానికి అవిసె నూనె. పొద్దున్నే మొదటి పూత పట్టించి, పావుగంట ఆగి, పైన మిగిలిన నూనెంతా తుడిచేశాను. ఈ రోజు శుక్రవారం.