పద్దెనిమిది నిండాక: ఫారం 7లోని పనితనం

బాలల న్యాయ చట్టం కింద కేంద్రం 2016లో నమూనా నిబంధనలు తెచ్చింది. వాటి చివర ఫారాలు వరసగా ఉంటాయి. అందులో ఏడోది, పిల్లల గృహంలో పెరిగే ప్రతి బిడ్డకీ విడివిడిగా రాయాల్సిన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. పైపైన చూస్తే ఏ సర్కారు కాగితానికైనా ఉండే గడులు, వరసలు, సంతకానికి చోటు ఇందులోనూ కనిపిస్తాయి. ఓపిగ్గా చదివితే మాత్రం దీన్ని రాసినవాళ్ళు పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్ళని తెలిసిపోతుంది. బిడ్డ గృహం విడిచి వెళ్ళిపోయాక నింపాల్సిన చివరి భాగంలో ఆ సంగతి మరీ స్పష్టం. ఈ ఫారమూ, దానికి తోడుగా 25వ నిబంధనా కలిసి చేసే పని ఒకటే: అమ్మానాన్నల అండ లేకుండా పెరిగినవాళ్ళు తమ బతుకు తాము బతకగలిగేదాకా వెంట ఉండటం. ఆ పని ఎంత నేర్పుగా కుదిరిందో మన జంగారెడ్డిగూడెం వైపు వాళ్ళకి పరిచయం చేయాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 18 నిండని వాళ్ళందరూ బాలలే. 18 నిండగానే గృహంలో ఉండే హక్కు తీరిపోతుంది. ఆ తర్వాత 21 ఏళ్ళ దాకా ఇచ్చే ఆసరాకి 'ఆఫ్టర్ కేర్' అని పేరు. 46వ సెక్షన్ ఆర్థిక సాయం గురించి చెబుతుంది. 25వ నిబంధన ఆ సాయం ఏ రూపంలో ఉండాలో విడమరుస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో 21 తర్వాత మరో రెండేళ్ళు పొడిగించవచ్చని కూడా అంటుంది. బాలల సంక్షేమ సమితి లేదా బాలల న్యాయ మండలి ఇచ్చే ఉత్తర్వుతో ఇదంతా మొదలవుతుంది.

ఈ నిబంధన పనితనం తెలియాలంటే ఒక అమ్మాయిని ఊహించుకోవాలి. బుట్టాయగూడెం అవతల ఏజెన్సీ పల్లెలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. బంధువులు కొన్నాళ్ళు చూసి, ఇక చూడలేక సంక్షేమ సమితి ముందు పెట్టారు. పిల్లల గృహంలో పెరిగి, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఏప్రిల్‌లో 18 నిండుతాయి.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఏప్రిల్‌లో పుట్టినరోజు. ఆ తర్వాత ఫలితాలు, కౌన్సెలింగ్, సీట్లు. అంటే బిడ్డ చదువుకి అన్నిటికంటే నిలకడ కావాల్సిన సమయంలోనే ఉన్న నీడ పోతుంది. 25వ నిబంధన దీన్ని ముందే పసిగట్టింది. బిడ్డ గృహం విడవడానికి రెండు నెలల ముందే ప్రొబేషన్ అధికారో, శిశు సంక్షేమ అధికారో, కేస్ వర్కరో, స్వచ్ఛంద సంస్థో ఒక ప్రణాళిక రాసి సమితికి ఇవ్వాలని చెప్పింది. మన అమ్మాయి విషయంలో అది ఫిబ్రవరిలో అందాలి. ఫిబ్రవరిలో అందాలంటే సంక్రాంతి సెలవులు కాగానే ఎవరో ఒకరు ఆమెతో కూర్చుని "ఏం చదువుదామనుకుంటున్నావమ్మా? ఎక్కడుంటే బాగుంటుంది? మీవాళ్ళు ఎవరైనా వచ్చి చూస్తున్నారా?" అని అడిగి ఉండాలి. అడగడం ఇక్కడ మర్యాద కోసం పెట్టింది కాదు. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక బిడ్డతో సంప్రదించి రాసేదని నిబంధనల్లో ఉన్న నిర్వచనమే చెబుతోంది.

ఇప్పుడు ఫారం 7 చివరి భాగంలోని ఒక పట్టిక చూద్దాం. పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూలు సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, పేద కుటుంబమని తెలిపే కార్డు, వైకల్యం ఉంటే దాని సర్టిఫికెట్, టీకాల కార్డు, రేషన్ కార్డు, ఆధార్, ప్రభుత్వం నుంచి అందాల్సిన పరిహారం. ప్రతి దాని ఎదురుగా ఉందా లేదా అని ఒక గడి, లేకపోతే ఏం చేశారో రాయడానికి ఇంకో గడి.

ఆ రెండో గడి పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఇంటి పిల్లలకి ఈ కాగితాలన్నీ బీరువాలో ఏదో సంచిలో ఉంటాయి. నాన్న తీసి ఇస్తాడు. అమ్మానాన్నలు లేని బిడ్డకి ఒక్కో కాగితం ఒక్కో పోరాటం. గిరిజన బిడ్డకి కుల ధ్రువీకరణ కావాలంటే తల్లిదండ్రుల ఆధారాలు అడుగుతారు. ఆధార్‌లో గృహం చిరునామా ఉంటుంది, అక్కడి నుంచి వచ్చేశాక అది పనికిరాదు. మైనరుగా తెరిచిన బ్యాంకు ఖాతాని 18 నిండాక కేవైసీ మళ్ళీ ఇచ్చి, కొత్త సంతకం పెట్టి మార్చుకోవాలి. రేషన్ కార్డులో పేరు ఏ కుటుంబంతో ఉందో ఆమెకే తెలియకపోవచ్చు. ఇవి లేకపోతే కాలేజీ సీటు లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు, అద్దె గదీ లేదు. అందుకే కాగితం 'లేదు' అని రాసి ఊరుకోనివ్వకుండా, తెప్పించడానికి ఏం చేశావని ఆ గడి అధికారిని నిలదీస్తుంది.

ఇక్కడ మనవాళ్ళు చాలామందికి తెలియని ఒక వెసులుబాటు చెప్పాలి. పదేళ్ళు రాకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న గృహాల్లో, బడుల్లో చేరిన అనాథ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. కులమేదో తెలియని బిడ్డకి ఆ ఒక్క సర్టిఫికెట్ ఎన్నో తలుపులు తెరుస్తుంది. అది ఆ పట్టికలో నింపాల్సిన గడి. నింపేవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కాగితాల తర్వాత నీడ. ఆఫ్టర్ కేర్ కింద ఇవ్వదగ్గ సేవల్లో మొదటిది, ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి తాత్కాలికంగా ఉండే ఇల్లు. ఆ అంకెని గమనించండి. ముప్పై మందిని ఒక హాల్లో పడుకోబెడితే అది మళ్ళీ హాస్టలే. అక్కడ వంట వార్డెన్ చూసుకుంటాడు, గంట కొడితే లేస్తారు, గంట కొడితే తింటారు. ఒంటరిగా గదిలో పెడితే జ్వరం వచ్చినా తెలిసేవాళ్ళుండరు. ఆరేడుగురైతే జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్ళో ఒక పోర్షన్ అద్దెకి తీసుకోవచ్చు. వంటకి వంతులు వేసుకోవాలి, కరెంటు బిల్లు పంచుకోవాలి, గ్యాస్ బండ అయిపోకముందే బుక్ చేయాలి, ఇంటి ఓనరుతో మాట పడకుండా ఉండాలి. గృహంలో పన్నెండేళ్ళు పెరిగినా నేర్చుకోలేనివి ఇవే. ఆ ఇంట్లో ఏడాది ఉంటే చాలావరకూ వచ్చేస్తాయి.

తర్వాత డబ్బు. ఆఫ్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళ అవసరాలకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ము నేరుగా వాళ్ళ బ్యాంకు ఖాతాలోనే పడాలని నిబంధన. 2022 మార్గదర్శకాలతో నడుస్తున్న మిషన్ వాత్సల్య పథకం ప్రకారం ఆ సాయం నెలకు 4,000 రూపాయలు. అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఏ చేతి మీదుగానూ కాకుండా సొంత ఖాతాలో పడటం వల్ల జరిగే మేలు వేరు. నెల మొదట్లో వచ్చింది నెలాఖరు దాకా ఎలా సరిపెట్టాలో ఆ పిల్ల తనే తేల్చుకుంటుంది. తప్పు చేసినా చిన్న మొత్తంలో చేస్తుంది, మరుసటి నెల దిద్దుకుంటుంది.

మిగతా సేవలూ అంతే ఆలోచించి పెట్టినవి. పని నేర్చుకునే కాలంలో స్టైపెండ్, పై చదువుకి స్కాలర్‌షిప్, ఉద్యోగం దొరికేదాకా ఆసరా. నైపుణ్య శిక్షణ ఇప్పించి దుకాణాల్లో, కంపెనీల్లో పనికి కుదర్చడం. సొంతంగా ఏదైనా పెట్టుకుంటామంటే అప్పు, సబ్సిడీ ఇప్పించడం. ఎప్పుడూ మాట్లాడుతూ ఉండే ఒక కౌన్సెలర్. వీటితోపాటు, మనసులోని ఉడుకు మంచి దారిన బయటికి పోయేలా, కష్టకాలం గట్టెక్కేలా సృజనాత్మకమైన వ్యాపకాలు కల్పించాలని కూడా ఉంది. ఆటా పాటా బొమ్మలూ సరదా కోసమని కాకుండా, కష్టకాలంలో మనిషిని నిలబెట్టే ఆసరాగా చట్టం గుర్తించిందంటే అది రాసిన చేతికి వయసు పిల్లల మనసు తెలుసన్నమాట.

ఆ జాబితాలో లేనిదీ ఒకటి చెప్పుకోవాలి. పెళ్ళి. దిక్కులేని ఆడపిల్లకి 18 నిండగానే సంబంధం చూసి పంపేస్తే బాధ్యత తీరినట్టేనన్న ఆలోచన మన ఊళ్ళల్లో గట్టిగానే ఉంది. దాతలు కూడా చదువుకంటే పెళ్ళి ఖర్చుకి తొందరగా ముందుకొస్తారు. 25వ నిబంధన ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకే వరస ఇచ్చింది: చదువు, పని, నీడ, మాట్లాడే మనిషి. పెళ్ళి ఆమె ఇష్టానికి, ఆమె ఎంచుకున్న సమయానికి వదిలేసింది.

పని ఇంతటితో అయిపోదు. బిడ్డ బయటికి వచ్చాక అధికారి ఒకసారి కలవాలి. రెండు నెలలకి మళ్ళీ కలవాలి. ఆరు నెలలకి మూడోసారి కలవాలి. ఫారం 7లో ఆ కలయికల్లో అడగాల్సినవీ ఉన్నాయి. నేర్చుకున్న పనిని ఎలా వాడుకుంటోంది? చదువులోనో ఉపాధిలోనో చేరిందా? చుట్టుపక్కల వాళ్ళు ఎలా చూస్తున్నారు? ఈ మూడో ప్రశ్న నాకు మరీ నచ్చింది. బిడ్డ బాగుపడిందా లేదా అన్నది ఒక్క ఆ బిడ్డ చేతిలోనే లేదని, వీధి కూడా అందులో భాగమని ఆ ప్రశ్న ఒప్పుకుంటోంది.

మన ప్రాంతంలో ఆయిల్‌పామ్ రైతుకి ఈ తర్కం వేరే చెప్పక్కర్లేదు. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ నాలుగేళ్ళూ తోట నిర్వహణకి ప్రభుత్వం సాయం చేస్తుంది, ఎందుకంటే నాటడంతోనే పంట రాదని అందరికీ తెలుసు. 18 నుంచి 21 దాకా ఆఫ్టర్ కేర్ కూడా అదే లెక్క.

మిగతా ప్రపంచమూ ఈ దారినే వచ్చింది. అమెరికా 1999లో ఫోస్టర్ కేర్ ఇండిపెండెన్స్ యాక్ట్ తెచ్చి, సంరక్షణ నుంచి బయటికి వచ్చే యువతకి నిధులు పెంచింది. ఇంగ్లండ్ 2000 నాటి చట్టంతో అలాంటి ప్రతి యువకుడికీ, యువతికీ ఒక సలహాదారుణ్ణీ, 'పాత్‌వే ప్లాన్' అనే రాతపూర్వక ప్రణాళికనీ ఇచ్చింది. 2017లో ఇంకో చట్టం చేసి ఆ సలహాదారుడి తోడుని 25 ఏళ్ళ దాకా పొడిగించింది. మన నిబంధనల్లోని ముక్కలు వాటికి తీసిపోవు. మనకు తక్కువైంది ఏళ్ళు, ఇంకా ముఖ్యంగా, ఖచ్చితత్వం.

మెచ్చుకునే చోట మెచ్చుకున్నాం కాబట్టి అతుకు సరిగా పడని చోట్లూ చెప్పాలి. 46వ సెక్షన్ సాయం 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇవ్వాలి' అనదు. ఆ ఒక్క మాటతో బిడ్డ హక్కు కాస్తా అధికారి దయగా మారిపోయే ప్రమాదం ఉంది. రెండోది, ఈ సెక్షన్ సంస్థలు విడిచి వచ్చేవాళ్ళ గురించే మాట్లాడుతుంది. దత్తత కాకుండా, ప్రభుత్వం అప్పగించిన బిడ్డని తమ ఇంట్లో పెట్టుకుని పెంచే ఫోస్టర్ కేర్ చట్టంలో 44వ సెక్షన్‌గా ఉంది. 2024 మార్గదర్శకాలు వచ్చాక పెళ్ళి కానివాళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళు కూడా ఆరేళ్ళు దాటిన పిల్లల్ని అలా పెంచుకోవచ్చు. రెండేళ్ళు పెంచాక దత్తతకీ వీలుంది. అలాంటి ఇళ్ళలో పెరిగి 18 దాటిన పిల్లల పేరు 46వ సెక్షన్‌లో స్పష్టంగా లేదు. ఇంట్లో పెరిగినంత మాత్రాన ఆ ఇల్లు ఎప్పటికీ వాళ్ళదే అవుతుందన్న భరోసా లేదు కదా. ఈ రెండూ చట్టసభల్లో సరిదిద్దాల్సిన విషయాలు.

అంతవరకూ ఆగకుండా మనం చేయగలిగింది కూడా 25వ నిబంధనలోనే ఉంది. ఆఫ్టర్ కేర్‌కి సాయపడటానికి ముందుకొచ్చే సంస్థల, వ్యక్తుల జాబితాని జిల్లా బాలల పరిరక్షణ విభాగం తయారు చేసుకోవాలి. ప్రతి జిల్లాకీ అలాంటి విభాగం ఉండాలని చట్టమే చెప్పింది కాబట్టి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన ఏలూరు జిల్లాకీ అది వర్తిస్తుంది. ఆ జాబితా ఎంత పొడుగుంటే ఫారం 7లోని గడులు అంత నిజమవుతాయి.

జంగారెడ్డిగూడెంలో అద్దెకిచ్చే పోర్షన్లున్నాయి. మెకానిక్ షెడ్లు, టైలరింగ్ షాపులు, ల్యాబులు, మందుల దుకాణాలు, కంప్యూటర్ సెంటర్లు ఉన్నాయి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. తాడేపల్లిగూడెంలో నిట్, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ చదివేవాళ్ళు తమ తర్వాతి పిల్లలకి దరఖాస్తు ఎలా నింపాలో చెప్పగలరు. ఓనరు ఆరుగురు అమ్మాయిలకి ఇల్లివ్వడానికి ఒప్పుకోవచ్చు. షాపు యజమాని పని నేర్పి జీతమివ్వవచ్చు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒక్క పిల్లాడి ఖాతా మార్పించి, ఏడాదిపాటు వారానికోసారి ఫోన్ చేయవచ్చు. వీటిలో ఏ ఒక్కటైనా చేయగలిగినవాళ్ళు ఏలూరులోని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళి తమ పేరు, చేయగలిగిన సాయం రాయించండి. ఆదరణ లేని బిడ్డ ఎక్కడైనా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. మంచి నిబంధన ఇప్పటికే రాసి ఉంది. దాన్ని నిలబెట్టడానికి ఇప్పుడు కావాల్సింది మన ఊరి మనుషులు.