న్యూజెర్సీ గోడ ఎవరిని కాపాడుతుంది?

జాతీయ రహదారి మీద బస్సులో వెళ్తున్నప్పుడు, రెండు దారుల నడుమ ఉండే కాంక్రీటు గోడను మీరు చూసే ఉంటారు. చాలాచోట్ల అది నిటారుగా ఉండదు. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. బలం కోసం అలా కట్టారని అనుకుంటాం. నిజానికి ఆ వాలులో ఒక చక్కని ఆలోచన ఉంది. ఒక లోపమూ ఉంది.

ఈ గోడ పుట్టిల్లు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం. 1955లో దీని ఎత్తు 18 అంగుళాలే. 1959 నాటికి 32 అంగుళాలు, అంటే సుమారు 81 సెం.మీ. అయింది. అడుగున 3 అంగుళాలు నిలువుగా లేచి, 13 అంగుళాల ఎత్తు దాకా 55 డిగ్రీల వాలుగా సాగి, ఆపైన దాదాపు నిటారుగా నిలుస్తుంది.

ఇలాంటి గోడ పని వాహనాన్ని ఆపడం కాదు, దారి మళ్లించడం. ఒక చిన్న లెక్క చేయండి. కారు గోడను 25 డిగ్రీల కోణంలో తాకిందనుకుందాం. గోడకు లంబంగా ఉండే వేగం కావాలంటే కారు వేగాన్ని సైన్ 25తో గుణించాలి. గతిజశక్తి వేగ వర్గాన్ని బట్టి మారుతుంది. సైన్ 25 వర్గం సుమారు 0.18. అంటే మొత్తం శక్తిలో 18 శాతాన్ని గోడ తట్టుకుంటే చాలు. మిగిలినది కారును గోడ వెంబడే ముందుకు నడిపిస్తుంది. ఎదురుగా గుద్దితే మాత్రం నూటికి నూరు శాతమూ అక్కడే ఖర్చు కావాలి.

న్యూజెర్సీ గోడ ఇంకో అడుగు ముందుకు వేసింది. కోణం తక్కువైనప్పుడు ముందు చక్రం వాలు మీదికి ఎక్కుతుంది, కారు కాస్త పైకి లేస్తుంది. శక్తిలో కొంత రేకును నలిపే బదులు కారు బరువును ఎత్తడానికి ఖర్చవుతుంది. తర్వాత కారు కిందికి జారి మళ్లీ రోడ్డు మీదికి వస్తుంది. ఇంత సులువైన ఉపాయాన్ని మెచ్చుకోక తప్పదు.

లోపం ఎక్కడుంది? ఈ కొలతలను కార్లను ఢీకొట్టించి పరీక్షించి తేల్చలేదు. రోడ్ల మీద జరిగిన ప్రమాదాలను గమనిస్తూ సవరించుకుంటూ పోయారు. ఆనాటి అమెరికా కార్లు భారీవి. తేలికపాటి చిన్నకారు అదే వాలు మీద మరీ పైకి ఎక్కి బోల్తాపడే ప్రమాదం ఉంది. తర్వాతి పరిశోధకులు 'ఏ' నుంచి 'ఎఫ్' వరకు పేర్లు పెట్టి కొన్ని ఆకారాలను పోల్చి చూశారు. 'ఎఫ్' మెరుగని తేలింది. అందులో వాలు 10 అంగుళాల దగ్గరే ఆగుతుంది. తేడా మూడంగుళాలే! కానీ అప్పటికే పాత అచ్చులు అంతటా వాడుకలో ఉన్నాయి. మార్పు నెమ్మదిగా వచ్చింది.

కాబట్టి గోడను చూసి "గట్టిదేనా?" అని మాత్రమే అడిగితే సరిపోదు. "ఏ వాహనంతో పరీక్షించారు?" అని అడగాలి. 2009లో అమెరికాలో వచ్చిన 'మాష్' ప్రమాణాల్లో రహదారి గోడలకు ముఖ్యమైన పరీక్ష 1,100 కిలోల కారుతోనూ, 2,270 కిలోల పికప్ ట్రక్కుతోనూ, గంటకు 100 కి.మీ. వేగంతో జరుగుతుంది. అందులో మోటార్ సైకిల్ లేదు.

మన దేశం సంగతి వేరు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. స్కూటరు మీద కూర్చున్న మనిషి ఛాతీ, తల 81 సెం.మీ. గోడకు పైనే ఉంటాయి. బండి గోడకు తగిలి ఆగినా మనిషి ఆగడు. ఇనుప పట్టీల కంచె అయితే, కింద పడి జారిపోయే మనిషి పట్టీ కిందుగా వెళ్లి స్తంభాన్ని గుద్దుకుంటాడు. స్పెయిన్ 2005లోనే నేల మీద జారే మనిషి బొమ్మతో కంచెలను పరీక్షించే ప్రమాణం తెచ్చింది. అక్కడ పట్టీ కింద మరో పట్టీ బిగించి స్తంభాలను కప్పుతారు.

న్యూజెర్సీ గోడ చెడ్డ రూపకల్పన కాదు. అది తన కాలపు కార్లకు కుదిరిన జవాబు. జవాబును అరువు తెచ్చుకోవచ్చు, కానీ ప్రశ్న మాత్రం మన రోడ్డు మీద పుట్టాలి. ఈసారి ప్రయాణంలో గోడను చూడండి. ఆ తర్వాత దాని పక్కన వెళ్తున్న బండ్లను లెక్కపెట్టండి. ఆ గోడ వాటిలో ఎన్నింటి కోసం కట్టారో మీకే తెలుస్తుంది.