మౌనానికి రెండు కట్టల ఈత ఆకు

శ్రమల దినాల్లో మౌన రిట్రీట్‌కు పోవాలంటే ఏమేం సర్దుకోవాలని మా మద్దికెర పిల్లలు కొందరు అడిగారు. బైబిలు, దుప్పటి సరే. వాటితోపాటు రెండు కట్టల ఈత ఆకు కూడా పట్టుకుపొమ్మన్నాను.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారికి పోయిన సన్యాసులు వట్టి చేతులతో మౌనం పట్టలేదు. నైట్రియాలో, కెల్లియాలో ఎవరి గదిలో వాళ్లు ఖర్జూరపు ఆకు నానబెట్టి తాళ్లు పేనేవారు, బుట్టలు అల్లేవారు. అల్లుతూనే కంఠతా వచ్చిన కీర్తనలు మెల్లగా చెప్పుకునేవారు. బుట్టలు అమ్మితే రొట్టె, ఉప్పు. ఆ సన్యాసుల్లో పెద్దవారు, 356లో కన్నుమూసిన అంతోనివారికే ఒకసారి ప్రాణం విసిగిపోయిందట. అప్పుడు ఎదురుగా ఎవరో కూర్చుని తాడు పేనడం, లేచి ప్రార్థించడం, మళ్లీ కూర్చుని పేనడం కనబడింది. ఆయనకు దారి దొరికింది.

ఆ విసుగును అదే ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ అంత దగ్గరగా చూసినవారు లేరు. ఆయన 399లో పోయారు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా అది సన్యాసిని ఎలా పీడిస్తుందో రాశారు. పొద్దు కదలదు. చూపు కిటికీ మీదికి పోతుంది. భోజనానికి ఇంకెంత వేళుందోనని బయటికొచ్చి సూర్యుణ్ణి చూస్తాడు. ఉన్న చోటు మీద, చేసే పని మీద, చివరికి తోటివాళ్ల మీద కూడా రోత పుడుతుంది. ఏప్రిల్‌లో మా ఊరి మిట్టమధ్యాహ్నం ఎరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఫోన్ తీసి దాచిన రోజు పదకొండు కాకముందే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

నాకు చాప అల్లడం నేర్పింది పక్కింటి అవ్వ. ఆకు ఎండితే ఫట్టున విరుగుతుంది. అందుకని తడి గోనెపట్టా కింద ఉంచి కావలసినంతే తీస్తుంది. గోటితో చీల్చి, పాయ మీద పాయ వేస్తూ, తలెత్తకుండానే అంటుంది: "పొద్దు పోలేదా నాయనా? ఐతే ఇంకో ఆకు చీల్చు." ఎవాగ్రియస్ చెప్పిన మందూ ఇలాంటిదే, గది వదిలి పోవద్దని. గంటలకొద్దీ కళ్లు మూసుకుని కూర్చోమంటే కొత్తవాళ్లు రెండో రోజుకే డస్సిపోతారు. చేతిలో అల్లిక ఉంటే ఆలోచన వస్తుంది, పోతుంది. మనసు ఎక్కడ జారిందో వరుస తప్పినచోట కనబడుతుంది.

మౌనం మనకు పరాయిది కాదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడం నేర్పారు. ఆ కనిపెట్టడానికి చేతిపని కూడా తోడైతే బాగుంటుందని నా ఆశ.

తలుపుకు గడియ మాత్రం వేసుకోకండి. ఆ కాలపు సన్యాసే అయిన జాన్ కాసియన్ ఐగుప్తులో తిరుగుతూ ఒక పెద్దాయన దగ్గరికి పోతే, ఆయన అప్పటికే ఆ రోజు ఆరుసార్లు వచ్చినవాళ్లకు భోజనం పెట్టి, వాళ్లతోపాటు తానూ తిని ఉన్నారట. మీ గడప దగ్గరికి ఎవరైనా వస్తే అల్లిక పక్కన పెట్టి లేవండి. మంచినీళ్లిచ్చి, కష్టసుఖాలు వినండి. మాట్లాడవలసి వస్తే మాట్లాడండి. వాళ్లు వెళ్లాక మళ్లీ ఆకు అందుకోవచ్చు.