‘ఓకే’ అనిపించే చెయ్యి

చిల్లకల్లు మెట్టచేలల్లో బోరు మోటారు స్టార్టరును తడిచేత్తో తాకకుండా ఫోనుతోనే ఆన్ చేయాలంటే, ఆర్డ్వినో బోర్డుకు రిలే, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ తగిలించుకోవచ్చు. సిగ్నల్ సుమారు 10 మీటర్ల దాకా అందుతుంది. ఆ మాడ్యూల్‌ను సిద్ధం చేసే కుర్రాళ్ల ఓపిక అంటే నాకెంతో గౌరవం.

మాడ్యూల్ మీది బుల్లి మీట నొక్కిపట్టి కరెంటు ఇస్తారు. గబగబా కొట్టుకునే దీపం నెమ్మదిస్తుంది, రెండేసి సెకన్లు వెలిగి ఆరుతుంది. బాడ్ రేటు 38400 పెట్టి ‘ఏటీ’ అనే ఆదేశం పంపితే ‘ఓకే’ అంటుంది. చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ లేకపోతే ఉలకదు, పలకదు. అందరికీ తెలిసిన 1234 పాస్‌వర్డ్ మార్చడమే అసలు బాధ్యత. లేదంటే మోటారు ఎవరి చేతిలోనైనా పడుతుంది.

మాడ్యూల్‌లోని ఫర్మ్‌వేర్ మార్చాల్సి వస్తే, మంచి పనివాడు ముందు పాతదాన్ని కాపీ తీసి దాస్తాడు. మధ్యలో కరెంటు పోకుండా బ్యాటరీ మీద నడుపుతాడు.