మోటారుకు కాలు పొడుగుండాలి

తెరచాప పడవకు ఔట్‌బోర్డ్ మోటారు పెట్టాలనుకున్నవాళ్లు దుకాణంలో ముందుగా అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. అడగాల్సింది మాత్రం కాలు, అంటే బిగింపు నుంచి ప్రొపెల్లర్ వైపు నీళ్లలోకి దిగే భాగం, ఎంత పొడుగని.

అమెరికాలో 1969లో వచ్చిన కాటలీనా 22 అనే తెరచాప పడవనే తీసుకుందాం. నీటి మట్టం దగ్గర దాని పొడవు 19 అడుగుల పైచిలుకు. ఇలాంటి బరువైన పడవ తాను లేపిన అలను తానే దాటలేదు. ఆ పొడవుకు వేగం గంటకు 11 కిలోమీటర్ల దగ్గర దాదాపు ఆగిపోతుంది. అక్కడిదాకా నెట్టడానికి ఐదారు హార్స్‌పవర్ చాలు. పదిహేను పెడితే పెరిగేది పెట్రోలు ఖర్చు, అమరం మీద బరువు.

ఇక కాలు. మార్కెట్లో ఎక్కువగా 15, 20, 25 అంగుళాల కొలతల్లో దొరుకుతుంది. చిన్న రబ్బరు పడవకు 15 సరిపోతుంది, తెరచాప పడవకు చాలదు. చాప దించడానికి ఒక మనిషి ముక్కు దగ్గరికి నడిచాడంటే అమరం పైకి లేస్తుంది, దానికి ఒక అల తోడైతే ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది. ఇంజిను గొంతు చించుకుంటుంది, పడవ మాత్రం కదలదు. పైగా ఇంజినును చల్లబరిచే నీళ్లు కూడా ఆ కాలి గుండానే పైకెక్కాలి. చాప దించేది రేవులోకి వచ్చేటప్పుడే కదా, మోటారు మొండికేసేదీ అప్పుడే!

బిగింపులో పొదుపు పనికిరాదు. ఈ తరహా మోటారు పాతిక కిలోల దాకా ఉంటుంది, అల కొట్టినప్పుడల్లా తనను మోసే బ్రాకెట్‌ను గుంజుతుంది. ఫైబర్‌లోకి స్క్రూలు దింపి ఊరుకుంటే అవి వదులవుతాయి. లోపలి వైపు మందపాటి ప్లైవుడ్ పలక ఆనించి, బోల్టులు ఇవతలి నుంచి అవతలికి దూర్చి బిగించాలి. చుక్కాని ఎటు తిప్పినా ప్రొపెల్లర్‌కు తగలకూడదు కాబట్టి మోటారును పక్కకు జరుపుతారు. దాంతో పడవ రెండోవైపు ఒరిగినప్పుడు కాలు ఇంకాస్త పైకి తేలుతుంది. పొడుగు కాలు కావాలనడానికి అదీ ఒక కారణమే.

 

రంధ్రాలు వేయకముందే రేవులో ఒక పరీక్ష చేయాలి. ఇద్దరిని ముక్కు మీద నిలబెట్టి, మోటారు దిగాల్సిన చోట కర్రతో కొలవాలి. అప్పుడు కూడా ప్రొపెల్లర్ నిండా మునిగే లోతు ఉంటేనే డ్రిల్లు పట్టుకోవాలి.